క్యాన్సర్ పాకడంలో ఇమ్యూన్ చెక్‌పాయింట్ల పాత్ర: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇమ్యూన్ చెక్‌పాయింట్ అంటే ఏమిటి?

రోగనిరోధక వ్యవస్థలోని టి కణాలు దాడికి దిగాక వాటిని ఆపే ఏర్పాటు కూడా ఒంట్లోనే ఉండాలి. లేకపోతే ఇన్ఫెక్షన్ తగ్గాక కూడా అవి చెలరేగుతూనే ఉండి సొంత పేగులను, కాలేయాన్ని, థైరాయిడ్‌ను దెబ్బతీస్తాయి. ఈ ఆపే పని చేసే అణువుల జతలే ఇమ్యూన్ చెక్‌పాయింట్లు. జతలో ఒకటి టి కణం మీద రిసెప్టర్‌గా ఉంటుంది, రెండోది ఎదుటి కణం మీద ఉంటుంది. రెండూ తగులుకుంటే టి కణం జోరు తగ్గుతుంది. అలాంటి రిసెప్టర్లలో ఒకటైన సీటీఎల్ఏ-4 జన్యువు లేకుండా పుట్టించిన ఎలుకలు 3, 4 వారాలకే చనిపోతాయని 1995లో తేలింది. వాటి గుండెలో, క్లోమంలో టి కణాలు గుంపులుగా చేరి ఉన్నాయి. కాబట్టి ఇది క్యాన్సర్ కనిపెట్టిన ఎత్తు కాదు, మన ఒంటికి తప్పనిసరైన బ్రేకు. దాన్నే క్యాన్సర్ తనకు అనువుగా వాడుకుంటుంది. ఈ బ్రేకును అడ్డుకుని టి కణాలను మళ్లీ దాడికి దింపే మందులే (ఇమ్యునోథెరపీ) కింద చెప్పేవి; వాటి దుష్ప్రభావాల్లో ఎక్కువ భాగం ఇక్కడి నుంచే పుడతాయి.

సీటీఎల్ఏ-4, పీడీ-1 చేసేది ఒకటే పనా?

కాదు. పనిచేసే చోటు వేరు, వేళ కూడా వేరు. సీటీఎల్ఏ-4 ముఖ్యంగా లింఫ్ గ్రంథుల్లో, టి కణం తొలిసారి మేల్కొనే దశలో పనిచేస్తుంది. మేల్కొనడానికి టి కణానికి రెండు సంకేతాలు కావాలి: ఒకటి యాంటీజెన్ (శత్రువును పట్టిచ్చే ముక్క) గుర్తింపు, రెండోది తన మీది సీడీ28 రిసెప్టర్ ద్వారా వచ్చే ఊతం. సీడీ28 పట్టుకోవాల్సిన, ఎదుటి కణం మీది బీ7 అణువులను సీటీఎల్ఏ-4 అంతకంటే గట్టిగా పట్టేసుకుంటుంది. దాంతో రెండో సంకేతం అందదు.

టి కణం మీది మరో రిసెప్టర్ పీడీ-1 కథ ఎక్కువగా కణితి దగ్గర నడుస్తుంది. అప్పటికే పోరాడుతున్న టి కణం ఇంటర్ఫెరాన్ గామా అనే సంకేత ప్రొటీన్‌ను వదులుతుంది. దాన్ని చూసిన క్యాన్సర్ కణాలు, చుట్టుపక్కల మాక్రోఫేజ్‌లు (మింగేసే రోగనిరోధక కణాలు) పీడీ-1కు జత అయిన పీడీ-ఎల్1ను పైకి తెస్తాయి. అది పీడీ-1కు తగులుకోగానే టి కణం లోపలి సంకేతాలు ఆగిపోతాయి. ఇలా నెలల తరబడి సాగితే టి కణం అలసిపోతుంది: ఉంటుంది గానీ చంపలేదు.

పీడీ-1ను 1992లో తసుకు హోంజో బృందం గుర్తించింది. సీటీఎల్ఏ-4ను అడ్డుకుంటే ఎలుకల్లో కణితులు కరిగిపోతాయని 1996లో జేమ్స్ అలిసన్ బృందం చూపింది. ఇద్దరికీ 2018లో నోబెల్ వచ్చింది.

చెక్‌పాయింట్ల వల్లే క్యాన్సర్ పాకుతుందా?

పాకే శక్తి కణానికి వేరే మార్పుల వల్ల వస్తుంది. పక్క కణాలతో ఉన్న బంధం తెంచుకోవడం, చుట్టూ ఉన్న కణజాలాన్ని కోసుకుని రక్తనాళంలోకి దూరడం, కొత్త అవయవంలో నిలదొక్కుకోవడం, వీటికి చెక్‌పాయింట్లతో నేరుగా పని లేదు. దారిలో ఆ కణాన్ని చంపాల్సిన రోగనిరోధక కణాలను పక్కకు తప్పించడమే చెక్‌పాయింట్ల పని. ప్రయోగాల్లో రక్తంలోకి దిగిన క్యాన్సర్ కణాల్లో 0.01 శాతం కూడా కొత్త కణితిగా ఎదగవు. ఆ కొద్దిపాటి కణాలు ఎలా బతికి బయటపడతాయన్నదే అసలు ప్రశ్న.

రెండు విషయాలు పూర్తిగా విడివిడిగా కూడా లేవు. కణం కదిలే గుణం తెచ్చుకునే మార్పును ఈఎంటీ అంటారు. ఆ మార్పును నడిపే జెబ్1 అనే ప్రొటీన్, జన్యువులను అదుపు చేసే చిన్న ఆర్‌ఎన్‌ఏలైన మైక్రోఆర్‌ఎన్‌ఏ-200 కుటుంబాన్ని అణచివేస్తుంది. పీడీ-ఎల్1ను అదుపులో పెట్టేది ఆ కుటుంబమే. ఊపిరితిత్తుల క్యాన్సర్ నమూనాల్లో ఇది 2014లో బయటపడింది. కదలడం నేర్చుకున్న కణం అదే మార్పుతో దాక్కోవడం కూడా నేర్చేసుకుంటోందన్నమాట.

లింఫ్ గ్రంథికి పాకిందంటే అంత ఆందోళన ఎందుకు?

కణితి పరిమాణం కంటే ఇది ముఖ్యం కావచ్చు. లింఫ్ గ్రంథి టి కణాలు శిక్షణ పొందే చోటు. క్యాన్సర్ కణాలు అక్కడే తిష్ఠ వేస్తే ఆ శిక్షణే చెడిపోతుంది. ఎలుకల మెలనోమాను (ఒక రకం చర్మ క్యాన్సర్) తరం తర్వాత తరం లింఫ్ గ్రంథిలో పెరిగేలా ఎంపిక చేస్తూ పోయిన ఒక పరిశోధన 2022లో వెలువడింది. అలా ఎంపికైన కణాల మీద ఎంహెచ్‌సీ-1 (లోపలి ప్రొటీన్ ముక్కలను టి కణాలకు చూపే అణువు), పీడీ-ఎల్1 రెండూ ఎక్కువగా ఉన్నాయి. ఎంహెచ్‌సీ-1 ఎక్కువైతే ఎన్‌కే కణాలు (ఎంహెచ్‌సీ-1 లేని కణాలను చంపే రోగనిరోధక కణాలు) వదిలేస్తాయి, పీడీ-ఎల్1 ఎక్కువైతే టి కణాలు నీరసిస్తాయి. అంతటితో ఆగలేదు: ఆ కణాలు గ్రంథిలో క్యాన్సర్‌ను సహించే రెగ్యులేటరీ టి కణాలను తయారు చేయించాయి, దాంతో దూరపు అవయవాలకు పాకడం కూడా సులువైంది.

అయితే గ్రంథులను శత్రువుల్లా చూడటమూ సరి కాదు. పీడీ-1ను అడ్డుకునే మందులకు స్పందించి పెరిగే తాజా టి కణాల నిల్వలు అక్కడే ఉంటాయి. అందుకే మందు ఇవ్వకముందే గ్రంథులన్నీ తీసేయాలా అన్న ప్రశ్న ఇప్పుడు సర్జన్ల మధ్య గట్టిగా నడుస్తోంది.

రక్తంలో ప్రయాణించే క్యాన్సర్ కణాన్ని ఎవరూ పట్టుకోరా?

పట్టుకునేది ప్రధానంగా ఎన్‌కే కణాలే. వాటి నుంచి తప్పించుకునే దారులు కొన్ని తెలుసు. ప్లేట్‌లెట్లు క్యాన్సర్ కణం చుట్టూ పేరుకుని తమ ఎంహెచ్‌సీ-1ను దానికి అంటిస్తాయి, అది సొంత కణంలా కనిపిస్తుంది. క్లోమం క్యాన్సర్‌లో రక్తంలోని కణాలు హెచ్‌ఎల్‌ఏ-ఈ అనే అణువుతో ఎన్‌కే కణం మీది ఎన్‌కేజీ2ఏ రిసెప్టర్‌ను నొక్కి పెడతాయని 2023లో చూపారు. సీడీ47 అనే మరో అణువు మాక్రోఫేజ్‌లను ‘తినొద్దు’ అని ఆపుతుంది.

వీటన్నిటి కంటే జిత్తులమారి పద్ధతి ఎక్సోసోమ్‌లది. కణితి తన పీడీ-ఎల్1ను అతి చిన్న తిత్తుల మీద అతికించి రక్తంలోకి వదులుతుంది. అవి కణితి చేరని చోట్ల కూడా టి కణాలను అణచగలవు. మెలనోమాలో ఇది 2018లో వెల్లడైంది.

ఒకే మందుకు ఊపిరితిత్తిలో గడ్డ తగ్గుతుంది, కాలేయంలో పెరుగుతుంది. ఎందుకిలా?

క్లినిక్‌లో ఇది తరచుగా ఎదురయ్యే సంగతే. ప్రతి అవయవానికీ సొంత రోగనిరోధక వాతావరణం ఉంటుంది. పీడీ-1 ఒక్కటే అడ్డుగా ఉన్న చోట మందు పనిచేస్తుంది. వేరే అడ్డు ఉన్న చోట ఎంత ఇచ్చినా చేయదు.

కాలేయం సహజంగానే సహనం ఎక్కువ ఉన్న అవయవం. పేగుల నుంచి వచ్చే ఆహారపు, బ్యాక్టీరియా ముక్కలన్నిటి మీదా దాడి చేస్తే అది బతకలేదు. కాలేయంలోకి పాకిన కణితులు ఒంట్లో తిరిగే సీడీ8 టి కణాలను (చంపే రకం) తమ వైపు లాగుతాయని, అక్కడి మాక్రోఫేజ్‌లు వాటిని ఫాస్ అనే అణువు ద్వారా చంపేస్తాయని 2021లో ఎలుకల్లో చూపారు. కాలేయపు కణితి వల్ల వేరే చోట ఉన్న కణితి మీద కూడా మందు మొద్దుబారుతుంది. అదే నమూనాలో కాలేయానికి రేడియేషన్ ఇచ్చాక మందు మళ్లీ పనిచేసింది. కాలేయానికి పాకిన రోగులకు ఇమ్యునోథెరపీ సగటున తక్కువ ఫలితం ఇవ్వడానికి ఇదొక కారణం.

ఎముకల్లో అడ్డు వేరు. అక్కడ ఎముక అరిగే కొద్దీ టీజీఎఫ్-బీటా అనే సంకేత ప్రొటీన్ విడుదలవుతుంది, అది టి కణాలను పనికొచ్చే రకంగా మారనివ్వదు. ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకిన నమూనాల్లో ఇది బాగా కనిపించింది.

మెదడు గురించి పాత భయాలు చాలావరకు తప్పని తేలాయి. మెలనోమా మెదడుకు పాకి ఇంకా లక్షణాలు లేని రోగుల్లో నివోలుమాబ్ (పీడీ-1ను అడ్డుకునే మందు), ఇపిలిముమాబ్ (సీటీఎల్ఏ-4ను అడ్డుకునే మందు) కలిపి ఇస్తే 57 శాతం మందికి మెదడులోని గడ్డలు తగ్గడమో, కనీసం 6 నెలలు అదుపులో ఉండటమో జరిగింది. లక్షణాలు మొదలై స్టెరాయిడ్లు వాడుతున్న వారిలో ఈ ఫలితం బాగా పడిపోతుంది. తలనొప్పి, తూలు, మాట తడబాటు వంటివి మొదలుకాక ముందే ఎంఆర్‌ఐ తీయించాలనడానికి ఇదే కారణం.

పీడీ-ఎల్1 పరీక్ష ఎలా చదవాలి? మొదటి గడ్డ మీద చేయించాలా, పాకిన గడ్డ మీదా?

వీలైతే తాజాగా, పాకిన గడ్డ నుంచి తీసిన ముక్క మీద. పీడీ-ఎల్1 ఒక చోట ఒకలా, మరో చోట ఇంకోలా ఉంటుంది, చికిత్సతోనూ మారుతుంది. మూడేళ్ల కిందట దాచిన కణజాలపు బ్లాకు మీద వచ్చిన అంకెతో నేటి నిర్ణయం తీసుకోవడం మంచి పద్ధతి కాదు.

అంకెలు రెండు రకాలు. టీపీఎస్ అంటే బతికున్న క్యాన్సర్ కణాల్లో పైపొర మీద పీడీ-ఎల్1 రంగు పట్టినవి ఎంత శాతమో. సీపీఎస్‌లో రంగు పట్టిన లింఫోసైట్లను, మాక్రోఫేజ్‌లను కూడా కలిపి, బతికున్న క్యాన్సర్ కణాల సంఖ్యతో భాగించి 100తో గుణిస్తారు. ఉదాహరణకు స్లైడులో 200 క్యాన్సర్ కణాలున్నాయి, వాటిలో 30కి రంగు పట్టింది, పక్కనే 20 రోగనిరోధక కణాలకూ పట్టింది. అప్పుడు టీపీఎస్ 15 శాతం, సీపీఎస్ 25. ఒకే ముక్క, రెండు అంకెలు. రిపోర్టులో ఏది రాశారో చూడకుండా పోల్చుకుంటే లెక్క తప్పుతుంది.

పొరపాట్లు జరిగేది ఎక్కువగా ఇక్కడ:

- స్లైడులో కనీసం 100 బతికున్న క్యాన్సర్ కణాలు లేకపోతే ఆ ఫలితానికి విలువ లేదు.
- ఎముక ముక్కను మెత్తబరచడానికి ఆమ్లం వాడితే రంగు సరిగా పట్టదు. నెగటివ్ అని వచ్చినా నమ్మలేం.
- రంగు పట్టించడానికి వాడే 22సీ3, ఎస్‌పీ142 వంటి యాంటీబాడీలు ఒకే ఫలితం ఇవ్వవు. ఎస్‌పీ142 క్యాన్సర్ కణాలను తక్కువగా చూపుతుంది.
- మాక్రోఫేజ్‌ను క్యాన్సర్ కణంగా లెక్కించడం. అనుభవం ఉన్న పాథాలజిస్టులే దీన్ని పట్టుకోగలరు.

పీడీ-ఎల్1 సున్నా ఉన్నా కొందరికి మందు పనిచేస్తుంది, 90 ఉన్నా కొందరికి చేయదు. దీన్ని సంభావ్యతగానే చూడాలి. తీర్పుగా చూడకూడదు.

ఎవరికి బాగా పనిచేస్తుంది, ఎవరికి అంతగా చేయదు?

మ్యుటేషన్లు ఎక్కువ ఉన్న కణితులకు ఎక్కువగా పనిచేస్తుంది: మెలనోమా, పొగతాగేవారి ఊపిరితిత్తుల క్యాన్సర్, డీఎన్‌ఏ మరమ్మతు లోపం ఉన్న ఎంఎస్‌ఐ-హై కణితులు. ఎంఎస్‌ఐ-హై ఉంటే ఏ అవయవపు క్యాన్సరైనా సరే పెంబ్రోలిజుమాబ్ (పీడీ-1ను అడ్డుకునే మరో మందు) ఇవ్వవచ్చని అమెరికా ఎఫ్‌డీఏ 2017లో అనుమతించింది. పాకిన పెద్దపేగు క్యాన్సర్లలో ఇవి 5 శాతం లోపే అయినా, ఆ పరీక్ష మాత్రం ప్రతి రోగికీ చేయించాల్సిందే. ఆ లోపం లేని పెద్దపేగు క్యాన్సర్‌కు పీడీ-1 మందు ఒక్కటే ఇస్తే దాదాపు ఫలితం ఉండదు.

ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఈజీఎఫ్‌ఆర్, ఏఎల్‌కే జన్యువుల్లో మార్పులు ఉన్నాయేమో తేలకముందే తొందరపడి ఇమ్యునోథెరపీ మొదలుపెట్టకండి. ఆ కణితులు దీనికి సరిగా స్పందించవు. పైగా పీడీ-1 మందు వెంటనే ఒసిమెర్టినిబ్‌కు (ఈజీఎఫ్‌ఆర్ మార్పుకు ఇచ్చే మందు) మారితే ఊపిరితిత్తుల వాపు వచ్చే ప్రమాదం పెరుగుతుంది. వారం పది రోజులు ఆగి రిపోర్టు చూసుకుంటే ఈ చిక్కు తప్పుతుంది.

పాకకముందే ఈ మందులు ఇస్తే వ్యాప్తిని ఆపగలవా?

కొన్ని క్యాన్సర్లలో ఆపగలవు. లింఫ్ గ్రంథులకు చేరిన మూడో దశ మెలనోమాను ఆపరేషన్‌తో తీసేశాక ఏడాది పాటు పెంబ్రోలిజుమాబ్ ఇచ్చిన కీనోట్-054 అధ్యయనంలో, 5 ఏళ్లకు దూరపు అవయవాలకు పాకకుండా ఉన్నవారు 60.6 శాతం. డమ్మీ మందు తీసుకున్నవారిలో 44.5 శాతమే.

ఇంకా ఆసక్తికరమైనది వేళకు సంబంధించినది. ఎస్1801 అనే మెలనోమా అధ్యయనంలో రెండు గుంపులకూ అదే మందు, అవే 18 డోసులు. ఒక గుంపుకు అన్నీ ఆపరేషన్ తర్వాత, రెండో గుంపుకు 3 ముందు, 15 తర్వాత. రెండేళ్లకు వ్యాధి తిరగబెట్టడం వంటి ఘటనలు లేకుండా ఉన్నవారు మొదటి గుంపులో 49 శాతం, రెండో గుంపులో 72 శాతం. మందు ఒకటే, మొత్తం ఒకటే, క్రమం మార్చారంతే. కణితి ఒంట్లో ఉండగా మందు ఇస్తే టి కణాలకు దాని యాంటీజెన్లన్నీ కళ్లముందే ఉంటాయి, రకరకాల టి కణాలు పెరుగుతాయి. కణితిని తీసేశాక ఇస్తే నేర్చుకోవడానికి మిగిలేది కొద్దిగానే.

మెలనోమాలోనే 2024లో వచ్చిన నాడినా అధ్యయనంలో ఆపరేషన్‌కు ముందు 80 మి.గ్రా. ఇపిలిముమాబ్, 240 మి.గ్రా. నివోలుమాబ్ కలిపి రెండు డోసులు మాత్రమే ఇచ్చారు. 59 శాతం మందిలో తీసిన ముక్కలో 10 శాతం లోపే బతికున్న కణితి మిగిలింది. వాళ్లకు ఆపరేషన్ తర్వాత ఇక మందే అవసరం పడలేదు.

మందులు ఎలా ఇస్తారు?

సాధారణంగా సెలైన్ ద్వారా నరంలోకి, చాలా మందులకు అరగంట. పెంబ్రోలిజుమాబ్ 3 వారాలకోసారి 200 మి.గ్రా. లేదా 6 వారాలకోసారి 400. నివోలుమాబ్ 2 వారాలకోసారి 240 లేదా 4 వారాలకోసారి 480. పీడీ-ఎల్1ను అడ్డుకునే అటెజోలిజుమాబ్ 3 వారాలకోసారి 1200. మెలనోమాలో జంటగా ఇచ్చేటప్పుడు సాధారణంగా ఇపిలిముమాబ్ కిలోకు 3 మి.గ్రా., నివోలుమాబ్ కిలోకు 1 మి.గ్రా. చొప్పున 3 వారాలకోసారి 4 సార్లు, ఆ తర్వాత నివోలుమాబ్ ఒక్కటే.

మొదలుపెట్టే ముందు రక్తకణాల లెక్క, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు, షుగర్, టీఎస్‌హెచ్, టీ4, ఉదయపు కార్టిసాల్, హెపటైటిస్ బి, సి, ఈసీజీ, ట్రోపోనిన్ చూసి పెట్టుకోవాలి. తర్వాత ఏదైనా తేడా వస్తే పోల్చుకోవడానికి ఈ మొదటి అంకెలే ఆధారం.

జంట మందు ఒంటరి మందు కంటే ఎప్పుడూ మంచిదేనా?

పాకిన మెలనోమాలో పదేళ్లు బతికున్నవారు జంట మందుతో 43 శాతం, నివోలుమాబ్ ఒక్కదానితో 37, ఇపిలిముమాబ్ ఒక్కదానితో 19. తీవ్రమైన దుష్ప్రభావాలు మాత్రం జంట మందుతో సగానికి పైగా రోగుల్లో కనిపిస్తాయి, నివోలుమాబ్ ఒక్కదానితో దాదాపు నాలుగో వంతు మందికే. మెదడుకు పాకినా, వ్యాధి వేగంగా పెరుగుతున్నా జంటవైపే మొగ్గాలి. వయసు మీద పడి, ఇంట్లో తోడు లేని మనిషికి ఆ ఆరు శాతం తేడా కోసం అంత ముప్పు తెచ్చుకోవాలా అన్నది రోగితో కూర్చుని మాట్లాడాల్సిన విషయం.

దుష్ప్రభావాల్లో వేటిని అసలు నిర్లక్ష్యం చేయకూడదు?

విరేచనాలు: రోజూ అలవాటైన దానికంటే 4 నుంచి 6 సార్లు ఎక్కువైతే రెండో స్థాయి, 7 లేదా అంతకంటే ఎక్కువైతే మూడో స్థాయి. విరేచనాలు ఆపే లోపెరమైడ్ మింగి సర్దుకుపోవడం ప్రమాదం, లోపల పేగు చిల్లు పడేదాకా తెలియకపోవచ్చు. ఇన్ఫెక్షన్ కాదని మలపరీక్షతో తేల్చుకుని స్టెరాయిడ్ మొదలుపెడతారు.

కొత్తగా దగ్గు, ఆయాసం వస్తే న్యూమోనైటిస్ (ఊపిరితిత్తుల వాపు) ఉందేమో సీటీ స్కాన్‌తో చూడాలి. విపరీతమైన అలసట, తలనొప్పి, బీపీ పడిపోవడం కలిస్తే పిట్యూటరీ లేదా అడ్రినల్ దెబ్బతిన్నట్టు అనుమానించాలి. ఇక్కడ ఒక క్రమం తప్పకూడదు: అడ్రినల్, థైరాయిడ్ రెండూ తగ్గి ఉంటే ముందు హైడ్రోకార్టిసోన్, ఆ తర్వాతే థైరాక్సిన్. తిరగేస్తే ప్రాణాపాయం.

ఛాతీ నొప్పి, గుండెదడ, రెప్పలు వాలిపోవడం, కండరాల నొప్పులు తొలి వారాల్లో వస్తే అదే రోజు ఆస్పత్రికి. మయోకార్డైటిస్ (గుండె కండరపు వాపు) అరుదే గానీ, వచ్చినవారిలో మరణాలు చాలా ఎక్కువ. రోజుకు 1 గ్రాము మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్‌తో మొదలుపెట్టాల్సిన పరిస్థితి అది.

మిగతా వాటిలో మామూలు లెక్క: రెండో స్థాయికి మందు ఆపి ప్రెడ్నిసొలోన్ కిలోకు 0.5 నుంచి 1 మి.గ్రా., మూడో స్థాయికి 1 నుంచి 2. పేగు వాపు మూడు రోజుల్లో తగ్గకపోతే ఇన్‌ఫ్లిక్సిమాబ్. కాలేయం వాపుకు మాత్రం అది ఇవ్వరు, మైకోఫెనొలేట్ ఇస్తారు. అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు స్టెరాయిడ్‌ను త్వరగా మానేయడం. కనీసం 4 నుంచి 6 వారాలు తీసుకుంటూ కొద్దికొద్దిగా తగ్గించాలి, లేకపోతే వాపు తిరగబెడుతుంది.

స్టెరాయిడ్ వాడితే క్యాన్సర్ మందు పనిచేయడం మానేస్తుందా?

దుష్ప్రభావం వచ్చాక ఇచ్చే స్టెరాయిడ్ వల్ల ఆ నష్టం పెద్దగా కనిపించలేదు. కాబట్టి భయపడి వాయిదా వేయకండి. మందు మొదలుపెట్టే నాటికే రోజుకు 10 మి.గ్రా. పైన ప్రెడ్నిసొలోన్ వాడుతున్నవారిలో మాత్రం ఫలితాలు తక్కువగా ఉన్నాయి. వాళ్ల వ్యాధి అప్పటికే ముదిరి ఉండటం కూడా అందులో ఒక భాగం.

మొదటి స్కాన్‌లో గడ్డ పెరిగింది. మందు మార్చాలా?

మనిషి ఎలా ఉన్నాడో ముందు చూడాలి. టి కణాలు గడ్డలోకి చేరడం వల్ల కూడా అది పెద్దదిగా కనిపించవచ్చు. అయితే ఇది పదిమందిలో ఒకరికి కూడా జరగదు. రోగి తేరుకుంటూ ఉంటే 4 నుంచి 8 వారాల్లో మళ్లీ స్కాన్ తీసి నిర్ధారించుకోవచ్చు. బరువు తగ్గుతూ, నొప్పి పెరుగుతూ ఉంటే అది నిజంగా పెరుగుతున్నట్టే. మందు పనిచేస్తోందేమోనన్న ఆశతో మరో రెండు నెలలు పోగొట్టుకోవద్దు.

ముందు బాగా పనిచేసి తర్వాత ఎందుకు ఆగిపోతుంది?

కణితి టి కణాల కంటికి కనిపించకుండా మారిపోతుంది. బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ జన్యువు పోతే ఎంహెచ్‌సీ-1 పైకి రాదు, టి కణానికి గుర్తుపట్టడానికి ఏమీ మిగలదు. జేఏకే1, జేఏకే2 చెడితే ఇంటర్ఫెరాన్ సంకేతం అందదు. ఈ రెండూ 2016లో, మొదట మందుకు స్పందించి తర్వాత తిరగబెట్టిన మెలనోమా రోగుల్లో దొరికాయి. మరికొన్ని చోట్ల ల్యాగ్-3, టిమ్-3 వంటి వేరే చెక్‌పాయింట్లు ముందుకొస్తాయి. ల్యాగ్-3ను అడ్డుకునే రెలాట్లిమాబ్‌ను నివోలుమాబ్‌తో కలిపి మెలనోమాకు 2022లో అనుమతించారు. టిజిట్ అనే మరో చెక్‌పాయింట్ మీద పెట్టుకున్న ఆశలు మాత్రం పెద్ద అధ్యయనాల్లో నిలవలేదు. ఒక్కచోట మాత్రమే పెరిగిన గడ్డ ఉంటే దాన్ని ఆపరేషన్‌తోనో, రేడియేషన్‌తోనో తీసేసి అదే మందు కొనసాగించడం కూడా ఒక మార్గమే.

అవయవ మార్పిడి అయినవారు, గర్భిణులు వాడవచ్చా?

మార్పిడి చేసిన అవయవాన్ని శరీరం తిరస్కరించే ప్రమాదం చాలా ఎక్కువ, పదిమందిలో నలుగురి దాకా. కిడ్నీ అయితే డయాలసిస్ ఉంది, గుండె అయితే వేరే దారి లేదు. నిర్ణయం ఆ తేడా మీదే ఆధారపడుతుంది. గర్భంలో వాడకూడదు. పెంబ్రోలిజుమాబ్ చివరి డోసు తర్వాత 4 నెలలు, నివోలుమాబ్ తర్వాత 5 నెలలు గర్భం రాకుండా జాగ్రత్తపడాలి.

ఎప్పుడు ఆపాలి?

పాకిన వ్యాధిలో పెంబ్రోలిజుమాబ్‌ను సాధారణంగా రెండేళ్లు, అంటే 3 వారాలకోసారి చొప్పున 35 డోసుల దాకా ఇస్తారు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో పీడీ-ఎల్1 50 శాతం లేదా అంతకంటే ఎక్కువ ఉన్నవారికి మొదటే ఇచ్చినప్పుడు 5 ఏళ్లకు 31.9 శాతం మంది బతికున్నారు; కీమోతో మొదలుపెట్టినవారిలో 16.3 శాతం. రెండేళ్లు పూర్తి చేసి ఆపేసినవారిలో చాలామంది మందు లేకుండానే నిలకడగా ఉన్నారు. ఆపాక కూడా మందు ప్రభావం నెలల తరబడి ఉంటుంది. ఆరు నెలల తర్వాత వచ్చిన విరేచనాలకైనా, ఆయాసానికైనా కొత్త డాక్టర్ దగ్గరకు వెళ్తే ఈ మందు తీసుకున్న సంగతి మొదటే చెప్పండి.